గాబ్రియేలే తర్క్వీని

గాబ్రియేలే తర్క్వీని (జననం: 1962 మార్చి 2) ఇటలీకి చెందిన కారు రేసు డ్రైవరు. టూరింగ్ కారు రేసుల చరిత్రలో ఇంతకాలం అగ్రశ్రేణిలో నిలిచిన డ్రైవర్లు చాలా తక్కువ. 1994లో బ్రిటిష్ టూరింగ్ కారు చాంపియన్‌షిప్, 2003లో యూరోపియన్ టూరింగ్ కారు చాంపియన్‌షిప్, 2009లో ప్రపంచ టూరింగ్ కారు చాంపియన్‌షిప్, 2018లో దాని స్థానంలో వచ్చిన ప్రపంచ టూరింగ్ కారు కప్ అతని ఖాతాలో ఉన్నాయి. మొదటి టైటిల్‌కూ చివరి టైటిల్‌కూ మధ్య 24 ఏళ్లు గడిచాయి. 2009లో ప్రపంచ విజేత అయ్యేనాటికి అతని వయసు 47. అంతకుముందు అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ప్రపంచ విజేతల్లో పెద్దవాడు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. ఆయన 1957లో 46 ఏళ్ల వయసులో ఫార్ములా వన్ టైటిల్ అందుకున్నాడు. అర్ధశతాబ్దం నిలిచిన ఆ రికార్డు తర్క్వీని చేతిలో చెరిగింది.

ఇదే డ్రైవరు పేరు మీద ఇంకో రికార్డు కూడా ఉంది. ఫార్ములా వన్‌లో ప్రీ-క్వాలిఫయింగ్ అనే తొలి వడపోతలోనే అత్యధికంగా 25 సార్లు ఆగిపోయింది ఇతనే. రేసు పుస్తకాలు చాలావరకు ఈ రెండు సంగతులనూ వేరువేరు అధ్యాయాల్లో చెబుతాయి. నిజానికి వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక డ్రైవరు ప్రతిభ బయటపడాలంటే ఎలాంటి కారు, ఎలాంటి పోటీ, ఎంత సమయం కావాలో ఇతని జీవితం చెప్పినంత స్పష్టంగా మరొకరి జీవితం చెప్పదు.

తొలి రోజులు

తర్క్వీని పుట్టింది మధ్య ఇటలీలోని అబ్రుజో ప్రాంతంలో, ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న జూలియానోవా పట్టణంలో. ఇటలీలో రేసు డ్రైవరు కావాలనుకున్న ప్రతి కుర్రాడిలాగే అతనూ కార్టింగ్‌తో మొదలుపెట్టాడు. 1984లో కార్టింగ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడాదే, ఫార్ములా వన్‌కు కిందిమెట్టుగా కొత్తగా ఏర్పాటైన ఫార్ములా 3000లో అడుగుపెట్టాడు. చిన్న తరగతుల్లో మెల్లగా ఎదిగే తీరిక అతనికి దొరకలేదు. కార్ట్ దిగి, రెండేళ్లు తిరిగేసరికి తన దేశంలోనే జరిగిన ఫార్ములా వన్ రేసులో గ్రిడ్ మీద నిలబడ్డాడు. 1987లో ఇమోలాలో జరిగిన సాన్ మారినో గ్రాండ్ ప్రి అతని తొలి రేసు. కారు ఒసెల్లా. అది డబ్బు లేని చిన్న జట్టు. ఆ రేసు పూర్తికాకుండానే ముగిసింది.

ఫార్ములా వన్: శుక్రవారం ఉదయపు గంట

1988లో ఎంజో కొలోని నడిపిన జట్టులో చేరాడు. కెనడాలో ఎనిమిదో స్థానం వచ్చింది. కానీ అప్పట్లో మొదటి ఆరుగురికే పాయింట్లు. 1989కి ఫస్ట్ అనే కొత్త జట్టుతో ఒప్పందం కుదిరింది. ఆ జట్టు తయారుచేసిన కారు భద్రతా పరీక్షలోనే విఫలమై అసలు రేసులకే రాలేదు. అదే సమయంలో ఏజీఎస్ జట్టు డ్రైవరు ఫిలిప్ స్ట్రైఫ్ బ్రెజిల్‌లో పరీక్షలు జరుపుతుండగా ఘోరప్రమాదానికి గురై, శరీరం చచ్చుబడి, డ్రైవింగ్‌కు శాశ్వతంగా దూరమయ్యాడు. ఖాళీ అయిన ఆ సీటు తర్క్వీనికి దక్కింది.

ఏజీఎస్ దక్షిణ ఫ్రాన్సులోని గోన్‌ఫారోన్ అనే చిన్న ఊళ్లో, హెన్రీ జూలియన్ అనే గ్యారేజీ యజమాని పెంచిన జట్టు. కోట్లు కుమ్మరించే మెక్‌లారెన్, ఫెరారీ పక్కన గుప్పెడుమంది పనివాళ్లతో నిలబడింది. అలాంటి కారుతో 1989 మేలో మెక్సికోలో తర్క్వీని ఆరో స్థానంలో రేసు ముగించి ఒక పాయింటు సంపాదించాడు. అతని ఫార్ములా వన్ జీవితంలో వచ్చిన పాయింటు అదొక్కటే.

ఆ ఏడాది 20 జట్లు, 39 కార్లు పోటీకి దిగాయి. రేసు మొదలయ్యేది 26 కార్లతోనే. అసలు క్వాలిఫయింగ్‌కే 30 కార్లకు మించి అనుమతి లేదు. అందుకని గత ఫలితాలు బాగాలేని జట్లకూ కొత్త జట్లకూ శుక్రవారం పొద్దున్నే ఒక గంటపాటు ప్రీ-క్వాలిఫయింగ్ పెట్టారు. 13 కార్లు దిగితే నలుగురికే ముందుకు దారి. మిగిలిన తొమ్మిదిమంది, ఇంకా జనం స్టాండ్లలోకి రాకముందే, సామాను సర్దుకుని వెళ్లిపోవాల్సిందే. ఆ గంటలో గేరు పెట్టె మొరాయించినా, ఇంజిన్ దగ్గినా, మంచి ల్యాప్‌లో ఎవరైనా అడ్డొచ్చినా ఆ వారం అయిపోయినట్టే. సీజన్ మధ్యలో ఏజీఎస్ ఈ గుంపులోకి జారింది. అప్పటినుంచి తర్క్వీనికి ఏళ్ల తరబడి శుక్రవారం ఉదయాలు ఇలాగే గడిచాయి.

1991 చివర్లో ఏజీఎస్ మూతబడే దశలో ఫాండ్‌మెటల్ జట్టుకు మారాడు. 1992 సీజన్ పూర్తికాకుండానే అదీ తప్పుకుంది. 1995లో నూర్‌బుర్గ్‌రింగ్‌లో టిరెల్ తరఫున ఒకే ఒక రేసుకు ప్రత్యామ్నాయంగా పిలుపు వచ్చింది. మొత్తం మీద 78 గ్రాండ్ ప్రిలకు పేరు నమోదైతే, గ్రిడ్ మీద నిలబడింది 38 సార్లు. మిగిలిన 40 సార్లు రేసుకు ముందే ఇంటిదారి.

ఈ అంకెలను చూసి ఇతన్ని చేతకాని డ్రైవరుగా చిత్రించడం అన్యాయం. అలా చిత్రించినవాళ్లు లేకపోలేదు. ప్రీ-క్వాలిఫయింగ్‌లో అన్నిసార్లు ఓడాలంటే అన్నిసార్లు ఏదో ఒక జట్టు ఇతనికి సీటు ఇచ్చి ఉండాలి. ఆ రోజుల్లో చిన్న జట్లు సాధారణంగా డబ్బు తెచ్చే డ్రైవర్ల కోసం చూసేవి. తన కారును మించిన వేగం చూపించగలడన్న నమ్మకం లేకపోతే నిలకడగా ఒకే డ్రైవరును ఉంచుకోవు. ఈ ఆరేళ్లలో తర్క్వీని నేర్చింది మరొకటి. నాసిరకం కారులో కూడా ఏ భాగం ఎక్కడ ఏం చేస్తోందో గ్రహించి, మెకానిక్‌కు సరిగ్గా చెప్పడం. ఆ చదువుకు ఫలితం వేరే రంగంలో దక్కింది.

టూరింగ్ కారు పోటీ తీరు

ఫార్ములా కారు రేసు కోసమే పుడుతుంది. టూరింగ్ కారు షోరూములో పుడుతుంది. నాలుగు తలుపుల సెడాన్‌నో, కుటుంబం ఎక్కే హ్యాచ్‌బ్యాక్‌నో తీసుకుని, లోపలి సీట్లు, తివాచీలు పీకేసి, ఇనుప గొట్టాల పంజరం బిగించి, ఇంజినూ సస్పెన్షనూ మార్చి ట్రాక్ మీదికి తెస్తారు. పైకి మాత్రం అది వీధిలో చూసే కారులాగే కనబడాలి. 2010 నుంచి 2012 వరకూ ప్రపంచ టూరింగ్ పోటీలను ఏలిన షెవర్లే క్రూజ్, ఆ రోజుల్లో హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద తిరిగిన క్రూజ్‌కు సోదరే. చక్రాలు బయటికి లేవు కాబట్టి కార్లు పక్కపక్కనే రాసుకుంటూ పోగలవు. ముందుకారు బంపరును తాకి దారి చేసుకోవడం రోజువారీ వ్యవహారం. ఎంత తాకితే పోటీ, ఎంత తాకితే శిక్ష అన్నది రేసు అధికారులైన స్టీవార్డులు ప్రతి వారం తేల్చే తగాదా.

ఈ కార్లలో చాలావాటికి ముందు చక్రాలే శక్తినిస్తాయి. తిప్పడం, లాగడం, బ్రేకు భారంలో సింహభాగం మోయడం, అన్నీ ఆ రెండు టైర్ల మీదే. వాటిని మొదటి ల్యాపుల్లోనే కాల్చేసుకున్న డ్రైవరు చివర్లో మలుపు తిరగలేక బయటివైపుకు జారిపోతాడు. వెనక టైర్ల సమస్య దీనికి తిరగబడి ఉంటుంది. వాటికి పని తక్కువ కాబట్టి త్వరగా వేడెక్కవు. మొదటి ల్యాపులో వేగంగా తిరిగే మలుపులో కాలు కాస్త తీసినా కారు వెనకభాగం ముందుకొచ్చేస్తుంది. నిలిచిన చోటునుంచి మొదలయ్యే రేసుల్లో మరో చిక్కు. కారు ముందుకు ఉరికినప్పుడు బరువు వెనక్కి వాలి, ముందు చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరుగుతాయి. అలాంటి ఆరంభాల్లో వెనక చక్రాలతో నడిచే బీఎండబ్ల్యూలు ఇట్టే దూసుకుపోయేవి.

పోటీ నిబంధనలు కూడా గెలిచినవాణ్ణి సుఖంగా ఉండనివ్వవు. బాగా ఆడిన కారుకు తరువాతి రేసుల్లో కిలోల లెక్కన అదనపు బరువు వేస్తారు. ప్రపంచ టూరింగ్ చాంపియన్‌షిప్‌లో ఒక వారాంతానికి రెండు చిన్న రేసులు జరిగేవి. మొదటి రేసులో మొదటి ఎనిమిదిమంది రెండో రేసులో తలకిందుల వరుసలో నిలబడేవారు. అంటే ఎనిమిదో స్థానంలో వచ్చినవాడికి రెండో రేసులో అందరికన్నా ముందు చోటు. ఏడో స్థానానికి రెండు పాయింట్లు, ఎనిమిదో స్థానానికి ఒకటి. ఆ ఒక్క పాయింటు వదులుకుంటే వచ్చే లాభమెంతో చివరి ల్యాపులో స్టీరింగ్ పట్టుకునే లెక్కగట్టాలి. వేగం ఒక్కటే ఉన్న కుర్రవాళ్లు ఇక్కడ తడబడటం మామూలే. ఓపిక, జ్ఞాపకశక్తి, టైరును పొదుపుగా వాడే చెయ్యి ఉన్నవాళ్లకు వయసుతో విలువ పెరుగుతుంది.

ఇంకో పెద్ద తేడా డబ్బు. చిన్న ఫార్ములా జట్టులో డ్రైవరు స్పాన్సరును వెంటబెట్టుకు రావాల్సి వచ్చేది. టూరింగ్‌లో అగ్రశ్రేణి డ్రైవర్లను కార్ల కంపెనీలే జీతమిచ్చి పెట్టుకుంటాయి. ఆ జీతం రేసు నడిపినందుకే కాదు, కొత్త కారును పరీక్షించి తీర్చిదిద్దినందుకు కూడా. తర్క్వీని జీవితమంతా ఆల్ఫా రోమియో, హోండా, సీట్, లాడా, హ్యుందాయ్ అనే కంపెనీల పేర్లతో నడవడానికి కారణం ఇదే.

1994: బ్రిటన్‌లో ఆల్ఫా

1993లో ఆల్ఫా రోమియో తన 155 మోడల్‌తో జర్మన్ టూరింగ్ పోటీని గెలిచింది. మరుసటి ఏడాది బ్రిటన్ మీద కన్నేసింది. రెండు లీటర్ల ఇంజిన్లతో, సూపర్ టూరింగ్ నిబంధనల కింద నడిచే బ్రిటిష్ చాంపియన్‌షిప్ అప్పుడు ప్రపంచంలోనే గట్టి పోటీ. ఫోర్డ్, రెనో, బీఎండబ్ల్యూ, వాక్స్‌హాల్, టొయోటా, నిస్సాన్ అన్నీ అక్కడే ఉన్నాయి. వోల్వో అయితే ఆ ఏడాది పొడుగాటి ఎస్టేట్ కారునే రేసుకు దింపి అందరినీ నోరెళ్లబెట్టించింది. ఆల్ఫా తన డ్రైవర్లుగా తర్క్వీనినీ, జాంపియెరో సిమోనీనీ పంపింది.

సీజన్‌లో మొదటి ఐదు రేసులూ తర్క్వీనే గెలిచాడు. ఆ ఆధిక్యం వెనక అతని చేతితో పాటు ఆల్ఫా ఇంజనీర్ల తెలివీ ఉంది. నిబంధనల ప్రకారం రేసు కారుకు ఉండే ఆకారం, అమ్మకానికి పెట్టిన కనీసం 2,500 కార్లకు ఉండాలి. ఆల్ఫా 155లో సిల్వర్‌స్టోన్ పేరుతో ప్రత్యేక రకాన్ని తయారుచేసింది. దాని వెనక రెక్కను ఎత్తి బిగించే ముక్కలనూ, ముందు అంచును బయటికి జరిపే ఏర్పాటునూ కొనేవాళ్లకు డిక్కీలో పెట్టి ఇచ్చింది. రేసులో వాటిని బిగించింది. గాలి కారును నేలకు అదిమితే మలుపుల్లో పట్టు పెరుగుతుంది. మిగతా కార్లకు ఆ అదనపు పట్టు లేదు.

ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. ఓల్టన్ పార్క్‌లో రెక్కలను ముడిచి నడపమని అధికారులు ఆదేశించారు. ఆల్ఫా ఒప్పుకోలేదు. రేసు ఆడకుండానే లారీల్లో కార్లెక్కించుకుని వెళ్లిపోయింది. తరువాత రాజీ కుదిరి కొన్నాళ్లు రెక్కలతో, ఆపైన రెక్కలు ముడిచి పోటీ చేసింది. ఆధిక్యం తగ్గింది. బీఎండబ్ల్యూలో యోఆకిమ్ వింకెల్‌హాక్, రెనో లగూనాలో అలాన్ మెన్యు రేసులు గెలవసాగారు. స్కాట్లాండ్‌లోని నాక్‌హిల్‌లో తర్క్వీని కారు పల్టీలు కొట్టింది. అయినా సీజన్ ముగిసేసరికి 21 రేసుల్లో 8 గెలిచి, మెన్యు, పాల్ రాడిసిచ్ కన్నా ముందు నిలిచి టైటిల్ అందుకున్నాడు.

రెక్కల వల్లే గెలిచాడన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. అందులో సగం నిజముంది. అదే కారు సిమోనీ దగ్గరా ఉంది. అతను టైటిల్ దరిదాపులకు రాలేదు. పైగా రెక్కలు ముడిచాక పాయింట్లు కాపాడుకోవడమన్న కష్టమైన పని పూర్తిగా డ్రైవరుదే. 1995లో నిర్వాహకులు అందరికీ రెక్కలు అనుమతించడంతో ఆల్ఫా ప్రత్యేకత పోయింది. సూపర్ టూరింగ్ కార్ల రూపం మాత్రం ఆ తగాదాతోనే మారింది.

చేతులు మారిన ఏళ్లు

1996లో ఆల్ఫా తరఫున అంతర్జాతీయ టూరింగ్ కారు పోటీలో ఆడాడు. అందులోవి పేరుకే టూరింగ్ కార్లు. లోపల ఫార్ములా వన్‌కు దీటైన ఎలక్ట్రానిక్స్. ఖర్చు భరించలేక ఆల్ఫా, ఓపెల్ తప్పుకోవడంతో ఆ పోటీ ఏడాది చివర్లో కుప్పకూలింది. 1997 నుంచి హోండా అకార్డ్‌తో బ్రిటన్, జర్మనీ, మళ్లీ బ్రిటన్, తరువాత యూరప్ పోటీల్లో తిరిగాడు. గెలుపులు వచ్చాయి, టైటిల్ రాలేదు. ఈ మధ్యలో సూపర్ టూరింగ్ యుగమే ఖర్చుల బరువు కింద ముగిసింది.

2003లో ఆల్ఫా 156తో యూరోపియన్ టైటిల్ గెలిచి 41 ఏళ్ల వయసులో మళ్లీ ముందువరుసకు వచ్చాడు. బీఎండబ్ల్యూ డ్రైవరు యార్గ్ ముల్లర్‌తో ఆ పోరు చాలా దగ్గరగా సాగింది. రెండేళ్ల తరువాత, 2005లో, ఆ యూరోపియన్ పోటీయే ప్రపంచ చాంపియన్‌షిప్ అయింది. ఆల్ఫా కార్ఖానా వెనక్కి తగ్గడంతో 2006లో తర్క్వీని స్పెయిన్ కంపెనీ సీట్‌లో చేరాడు. అదే ఏడాది అదే జట్టులో చేరిన మరో డ్రైవరు ఇవాన్ ముల్లర్. (పైన చెప్పిన జర్మన్ ముల్లర్‌కూ ఇతనికీ చుట్టరికం లేదు.)

సీట్, డీజిల్, ఇవాన్ ముల్లర్

ఇవాన్ ముల్లర్ ఫ్రాన్సులోని అల్సేస్ ప్రాంతంవాడు, తర్క్వీని కన్నా ఏడేళ్లు చిన్న. మంచు మీద జరిగే రేసుల్లో ఎన్నో టైటిళ్లు గెలిచి, 2003లో బ్రిటిష్ టూరింగ్ విజేత అయ్యాడు. 2006 తరువాతి పన్నెండేళ్ల ప్రపంచ టూరింగ్ చరిత్రను ఈ ఇద్దరి పోరుగా చెప్పినా పెద్ద తప్పు లేదు. 2008, 2009, 2010, 2013, 2018: ఈ ఐదు సీజన్లలో మొదటి రెండు స్థానాలూ వీళ్లిద్దరివే. మూడుసార్లు ముల్లర్ పైన, రెండుసార్లు తర్క్వీని పైన.

సీట్ 2007 సీజన్ మధ్యలో లియోన్ కారుకు డీజిల్ ఇంజిన్ పెట్టింది. రెండు లీటర్ల టర్బో డీజిల్‌కు తక్కువ తిరుగుళ్లలోనే గట్టి లాగుడు ఉంటుంది. మలుపు దాటగానే పెట్రోలు కార్లు ఊపందుకునేలోగా అది నాలుగు అడుగులు ముందుంటుంది. ఆ ఏడాది మకావులో టైటిల్‌కు అందేంత దూరంలో ఉన్న ముల్లర్ కారు ఇంధనపు పంపు చెడి ఆగిపోయింది. టైటిల్ బీఎండబ్ల్యూ డ్రైవరు ఆండీ ప్రియోకు వెళ్లింది. 2008లో ముల్లర్ గెలిచాడు. డీజిల్ కారుతో ప్రపంచ టైటిల్ రావడం అదే మొదలు. తర్క్వీని రెండో స్థానం.

2009 సీజన్‌లో 12 వారాంతాలు, 24 రేసులు. బ్రెజిల్, మెక్సికో, మొరాకోలతో మొదలై, యూరప్ అంతా తిరిగి, జపాన్‌లో ఒకటి ఆడి, నవంబరులో మకావు చేరింది. ఒకే జట్టులో ఇద్దరు టైటిల్ కోసం పోటీపడుతున్నప్పుడు ఒకరి సమాచారం మరొకరికి తెలుస్తుంది. ఏ మలుపులో ఎవరు ఎంత బ్రేకు వేశారో కంప్యూటరు చూపిస్తుంది. దాచుకోవడానికి ఏమీ ఉండదు. బీఎండబ్ల్యూలో అగస్టో ఫార్ఫస్ కూడా వెంటాడుతూనే ఉన్నాడు.

మకావు గుయా సర్క్యూట్ ఆరు కిలోమీటర్లకు కాస్త పైన ఉండే వీధి ట్రాక్. సముద్రం పక్కన తిన్నని దారిలో కార్లు పూర్తి వేగం అందుకుంటాయి. లిస్బోవా మలుపు దాటాక దారి కొండెక్కి, రెండు వైపులా ఇనుప కంచెల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. మెల్కో హెయిర్‌పిన్ దగ్గర దారి ఎంత ఇరుకంటే అక్కడ ఓవర్‌టేక్ చేయడమే నిషేధం. ముందు ఒక కారు అడ్డంగా తిరిగితే వెనక అందరూ చిక్కుకుంటారు. టైటిల్ కాపాడుకోవాల్సిన మనిషికి ఇంతకన్నా ప్రమాదకరమైన చోటు లేదు. తర్క్వీని ఆ వారాంతం పాయింట్ల లెక్క తప్పకుండా నడిపాడు. చివరి లెక్క: తర్క్వీని 127, ముల్లర్ 123, ఫార్ఫస్ 113. నాలుగు పాయింట్ల తేడాతో, 47 ఏళ్లకు, ఫాంజియోను దాటాడు.

ఫాంజియో ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక జాగ్రత్త అవసరం. రెండు పోటీల స్థాయినీ తూకం వేసే రికార్డు కాదిది, వయసుకు సంబంధించింది మాత్రమే. 1950ల నాటి గ్రాండ్ ప్రి కారులో భద్రత శూన్యం, రేసు మూడు గంటలు. 2009 నాటి టూరింగ్ రేసు అరగంటలోపు ముగుస్తుంది, డ్రైవరు చుట్టూ ఇనుప పంజరం ఉంటుంది. అంత మాత్రాన తర్క్వీని ఘనత తగ్గదు. సగం వయసున్నవాళ్లతో, కంపెనీలు కోట్లు పెట్టిన కార్ల మధ్య, ఏడాది పొడవునా నిలకడగా నడిపి గెలిచాడు.

ఆ సీజన్ ముగిశాక సీట్ కార్ఖానా జట్టును ఎత్తేసింది. ముల్లర్ షెవర్లేకు వెళ్లి 2010, 2011 టైటిళ్లు గెలిచాడు. తర్క్వీని సీట్ కారునే ప్రైవేటు జట్టులో నడుపుతూ 2010లో రెండో స్థానం సాధించాడు. కార్ఖానా అండ లేకుండా వచ్చిన ఆ రెండో స్థానాన్ని చాలామంది మరిచిపోతారు. నా దృష్టిలో అది అతని అత్యుత్తమ సీజన్లలో ఒకటి.

హోండా, లాడా

2012 చివర్లో హోండా కొత్త సివిక్‌తో ప్రపంచ పోటీలోకి వస్తూ తర్క్వీనిని పిలిచింది. 2013లో స్లొవేకియాలో ఆ కారుకు తొలి విజయం అందించాడు. సీజన్ చివర మళ్లీ ముల్లర్ వెనక రెండోవాడు. 2014లో నిబంధనలు మారి, కార్లు వెడల్పెక్కి, శక్తి పెరిగింది. కొత్తగా వచ్చిన సిట్రోయెన్, దాని అర్జెంటీనా డ్రైవరు హోసే మరియా లోపెజ్ వరుసగా మూడేళ్లు ఎవరికీ చిక్కలేదు. 2016లో హోండా లాడా డ్రైవరు రాబ్ హఫ్‌ను తీసుకుంటే, తర్క్వీని ఖాళీ అయిన లాడా సీటులోకి వెళ్లాడు. లాడా సొంతగడ్డ మాస్కోలో ఆ కారును గెలిపించాడు. ఏడాది తిరిగేసరికి లాడా కూడా వెళ్లిపోయింది. 54 ఏళ్ల వయసులో సీటు లేని డ్రైవరుకు ఇక సాధారణంగా పిలుపులు రావు.

హ్యుందాయ్, 2018

పిలుపు వచ్చింది. అదీ రేసు నడపడానికి కాదు, కారును తయారుచేయడానికి. 2015లో మార్చెల్లో లోట్టి టీసీఆర్ అనే కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. రెండు లీటర్ల టర్బో ఇంజిన్, 350 గుర్రాల దరిదాపు శక్తి, ముందు చక్రాల డ్రైవు. కంపెనీ సొంతంగా పోటీపడదు. కారు తయారుచేసి ప్రైవేటు జట్లకు అమ్ముతుంది. అన్ని కార్లనూ ఒక స్థాయికి తేవడానికి బరువు, ఎత్తు, ఇంజిన్ శక్తి మీద నిర్వాహకులే సర్దుబాట్లు చేస్తారు. హ్యుందాయ్ ఐ30 ఎన్ కారును ఈ పద్ధతికి సిద్ధం చేసే పని 2017లో తర్క్వీని చేతికి వచ్చింది. నెలల తరబడి పరీక్షల తరువాత ఆ ఏడాది చివర్లో చైనాలోని జెజియాంగ్‌లో కారు తొలిసారి రేసుకు దిగింది. దిగిన తొలి వారాంతంలోనే తర్క్వీని గెలిచాడు.

2018లో ప్రపంచ చాంపియన్‌షిప్ టీసీఆర్ కార్లకు మారి ప్రపంచ కప్ అయింది. చాంపియన్‌షిప్ హోదా పోయింది కాబట్టి, అతిపెద్ద వయసు ప్రపంచ చాంపియన్ అన్న రికార్డుకు 2009నే లెక్కలోకి తీసుకుంటారు. పోటీ మాత్రం పలచబడలేదు. వారాంతానికి మూడు రేసుల చొప్పున మొత్తం 30 రేసులు. గ్రిడ్ మీద మాజీ ప్రపంచ విజేతలు, జాతీయ విజేతలు కిక్కిరిశారు. తర్క్వీని ఇటలీ జట్టు బీఆర్‌సీ తరఫున నడిపాడు. తోడు హంగరీ డ్రైవరు నార్బర్ట్ మిహెలిస్. రిటైరయ్యానని చెప్పిన ముల్లర్ సొంత జట్టు పెట్టుకుని, అదే హ్యుందాయ్ కారు కొనుక్కుని తిరిగొచ్చాడు. ఏ కారు లోపలి గుట్టు తర్క్వీని విప్పి పెట్టాడో, అదే కారు అతని పాత ప్రత్యర్థి చేతిలో ఉంది.

మరాకేష్‌లో సీజన్ తొలి రేసు తర్క్వీని గెలిచాడు. ఏడాది చివర మళ్లీ మకావు. మళ్లీ చివరి రేసు దాకా తేలని టైటిల్. మళ్లీ ముల్లరే. ముగింపు తేడా మూడు పాయింట్లు. ఆ రోజున తర్క్వీనికి 56 ఏళ్లు.

రెండు మకావు ముగింపులనూ పోల్చి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2018లో అతను ఎక్కువ రేసుల్లో అందరికన్నా వేగవంతుడు కాడు. అదనపు బరువులు పడ్డ వారాల్లో ఏడో స్థానం, ఎనిమిదో స్థానం దగ్గర తృప్తిపడి పాయింట్లు కూడబెట్టాడు. గెలవగలిగిన ట్రాక్ వచ్చినప్పుడు మాత్రం వదిలిపెట్టలేదు. ఎప్పుడు నెట్టాలో ఎప్పుడు ఆగాలో తెలిసిన ఆ విచక్షణ ఇరవైల్లో ఉన్నవాడికి అరుదుగా వస్తుంది.

రిటైర్మెంట్, ఆ తరువాత

2019లో అదే జట్టులో మిహెలిస్ టైటిల్ గెలిచాడు. తర్క్వీని మరో రెండు సీజన్లు ఆడి, 2021 నవంబరులో రష్యాలోని సోచిలో చివరి రేసు నడిపాడు. అప్పటికి 59 ఏళ్లు. హ్యుందాయ్ కొత్త కారు ఎలాంట్రా ఎన్‌ను సిద్ధం చేయడంలోనూ అతని చేయి ఉంది. స్టీరింగ్ వదిలాక అదే బీఆర్‌సీ హ్యుందాయ్ జట్టు నిర్వహణ బాధ్యతలు తీసుకున్నాడు. 2022లో ఆ జట్టు తరఫున స్పెయిన్ కుర్రాడు మికెల్ అస్కోనా ప్రపంచ కప్ గెలిచాడు. ఆ ఏడాదితో కప్ ముగిసి, 2023 నుంచి టీసీఆర్ వరల్డ్ టూర్ మొదలైంది. దాని తొలి రెండు టైటిళ్లూ, 2023లోనూ 2024లోనూ, హ్యుందాయ్ నడిపిన మిహెలిస్‌కే దక్కాయి.